ఉపగ్రహ సంకేత బలము: జి.పి.ఎస్. గ్రాహకము చెప్పు మాట

పటాన్‌చెరు నుండి సంగారెడ్డికి పోవు రహదారి మీద రేయింబవళ్లు లారీలు, ట్యాంకర్లు, కర్మాగారముల బస్సులు సాగిపోవుచుండును. వీనిలో పెక్కింటియందు అరచేతి పాటి నల్లని పెట్టె యొకటి అమర్చబడి యుండును. వాహనము ఎచ్చట నున్నదో ఆ పెట్టె కొన్ని క్షణముల కొకసారి దూరమున నున్న కార్యాలయమునకు తెలుపుచుండును. 2019 జనవరి 1 నుండి నమోదగు కొత్త ప్రజారవాణా వాహనములలో, రెండు మూడు చక్రముల బండ్లు మినహా, ఇట్టి స్థాన సూచక పరికరము తప్పనిసరి అయినది. సరకు లారీలకు, ట్యాంకర్లకు కూడ దీనిని అమర్చుట నేడు సామాన్యమైన విషయము.

ఈ ప్రాంతమున ఆ చిన్న పెట్టెకు ఒక పెద్ద బాధ్యత కలదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడల వ్యర్థజలముల వలన నక్కవాగు పాడైన కథ ఇచ్చటి రైతులందరికి తెలిసినదే. 1990లో ఆ వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయినది. వ్యర్థజలమును ట్యాంకరులో నింపి శుద్ధి కేంద్రమునకు తీసికొనిపోవలెను. దారిలో వాగు ఒడ్డున వదలిన యెడల ఎవరు చూతురు? ఆ చూచు కన్నే ఈ పెట్టె.

ఒక ట్యాంకరు ఉన్నదనుకొందము. ఒకనాటి రాత్రి దాని దారి పటములో నలువది నిమిషముల ఖాళీ కనుపించినది. ఆ సమయమున అది ఎచ్చట నున్నదో పెట్టె చెప్పలేదు. ‘బండి రేకుల షెడ్డు క్రింద ఆగినది, అందుచే సంకేతము అందలేదు’ అని డ్రైవరు అనును. ‘పెట్టె నోరు కట్టి, నీళ్లు వాగులో వదలినారు’ అని ఊరివారు అందురు. మొదటి మాట నిజమైనచో నిర్దోషి జీతము పోరాదు. రెండవది నిజమైనచో వాగు నీరు, ఆ నీటితో పండు వరి, ఆ నీరు త్రాగు పశువులు బలి కారాదు. దారి పటము ఈ తగవు తీర్చలేదు. కాని పెట్టెలోని గ్రాహకము ప్రతి క్షణము మరియొక మాట కూడ చెప్పుచుండును. అది ఉపగ్రహముల సంకేత బలమును తెలుపు సందేశము. దానిని చదువ నేర్చినచో పై ప్రశ్నకు చాలవరకు సమాధానము దొరకును.

హాజరు పట్టీ వంటి సందేశము

జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచుండును. మొదటి ఉపగ్రహము 1978లో ప్రయోగింపబడినది. 1995 నాటికి వ్యవస్థ సంపూర్ణమైనది. ప్రతి ఉపగ్రహము తన అణు గడియారము ప్రకారము కాలమును, తాను ఉన్న స్థానమును ప్రకటించుచుండును. గ్రాహకము ఆ సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరమును గ్రహించును. కాంతివేగముతో వచ్చు సంకేతము విషయమున ఒక సెకనులో పది లక్షలవ వంతు పొరబాటు కూడ 300 మీటర్ల దూరమగును. గ్రాహకములోని గడియారము అంత నిక్కచ్చి కాదు. కావున అక్షాంశము, రేఖాంశము, ఎత్తు అను మూటితోపాటు తన గడియారపు తప్పును కూడ అది లెక్కింపవలెను. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణములు కావలెను. అందుచేతనే కనీసము నాలుగు ఉపగ్రహములు అవసరము.

ఇట్లు తెలిసికొన్న సంగతులను గ్రాహకము చిన్న చిన్న వాక్యములుగ వెలువరించును. ఈ వాక్యములకు ఒక వ్యాకరణము కలదు. ఓడలలోని పరికరములు ఒకదానితో ఒకటి మాటలాడుకొనుటకై అమెరికాలోని జాతీయ సముద్ర ఎలక్ట్రానిక్స్ సంఘము దానిని 1983లో ప్రకటించినది. ఎన్.ఎం.ఇ.ఎ. 0183 అని దాని పేరు. ఓడల కొరకు పుట్టిన ఆ భాషనే నేడు లారీ, ట్రాక్టరు, డ్రోను కూడ మాటలాడుచున్నవి. అందు ఒక వాక్యము స్థానమును చెప్పును, మరియొకటి వేగమును, వేరొకటి తేదీని. కనుపించు ఉపగ్రహములను గూర్చి చెప్పు వాక్యమునకు జి.ఎస్.వి. అని పేరు.

అది ఈ విధముగ ఉండును. ఇచ్చటి అంకెలు ఉదాహరణ కొరకు కల్పించినవి.

$జీపీజీఎస్‌వీ,3,1,11,05,71,210,47,12,38,045,41,25,16,160,33,29,09,300,

మొదటి 3 అనగా ఈ పట్టిక మూడు వాక్యములలో వచ్చునని అర్థము. తరువాతి 1 అనగా ఇది వానిలో మొదటిది. 11 అనగా ఆకాశమున పదకొండు ఉపగ్రహములున్నవి. అటుపిమ్మట ఒక్కొక్క ఉపగ్రహమునకు నాలుగేసి అంకెలు. 05 ఉపగ్రహము సంఖ్య. 71 అది దిగంతము నుండి ఎన్ని డిగ్రీల ఎత్తున నున్నదో తెలుపును. దిగంతమైనచో 0, నడినెత్తిన 90. 210 దిక్కును తెలుపును. ఉత్తరము 0, తూర్పు 90, దక్షిణము 180, పడమర 270. నాల్గవ అంకె 47. ఇదియే సంకేత బలము. ఒక వాక్యములో నాలుగు ఉపగ్రహములకే చోటు. కావున పదకొండింటికి మూడు వాక్యములు కావలసి వచ్చినవి. వాక్యము చివర ఒక నక్షత్రపు గుర్తు, రెండక్షరముల సరిచూపు సంకేతము ఉండును. దారిలో ఏ యక్షరమైన చెడినచో అది పట్టియిచ్చును.

పై వాక్యములో 29వ ఉపగ్రహమునకు ఎత్తు, దిక్కు ఉన్నవి గాని బలము లేదు; ఆ గడి ఖాళీగ నున్నది. ఇది పొరబాటు కాదు. ఉపగ్రహములు ఏవేళ ఎచ్చట నుండునో తెలుపు పంచాంగము గ్రాహకము వద్ద ఉండును. దానిని బట్టి ఆ ఉపగ్రహము ఆకాశమున ఉండవలెనని దానికి తెలియును. కాని సంకేతము మాత్రము అందలేదు. బడిలోని హాజరు పట్టీతో దీనిని పోల్చవచ్చును. పేరు పట్టీలో నున్నది. కూర్చుండు బల్ల కూడ తెలియును. పిలిచిన పిదప ‘ఉన్నాను’ అను పలుకు ఎంత బిగ్గరగ వినవచ్చినదో నాల్గవ గడిలో వ్రాయుదురు. పలుకే లేనిచో గడి ఖాళీ.

పాత పరికరములలో ఈ వాక్యములు సెకనుకు 4800 బిట్ల వేగముతో నడచును. ఒక్కొక్క అక్షరమునకు పది బిట్లు. అనగా సెకనుకు 480 అక్షరములు. డెబ్బది అక్షరముల వాక్యములు మూడు పంపుటకే దాదాపు అర సెకను పట్టును. అందుచే కొన్ని గ్రాహకములు స్థానమును ప్రతి సెకను చెప్పినను, ఈ పట్టికను అయిదు సెకనుల కొకసారి మాత్రమే చెప్పును.

నలుబదియైదు అనగా ఏమి?

బలమును తెలుపు అంకె 00 నుండి 99 వరకు ఉండవచ్చును. ఆరుబయట మంచి గ్రాహకము 40 నుండి 50 వరకు చూపును. దీని కొలమానము డెసిబెల్-హెర్ట్జ్. ఇది సంకేతపు శక్తిని మాత్రమే చెప్పునది కాదు. ఒక హెర్ట్జ్ వెడల్పులోని రొదతో పోల్చిన నిష్పత్తి.

జి.పి.ఎస్. ఉపగ్రహము ప్రసారము చేయు శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే. ఒక ఇంటి దీపమునకు పట్టునంత. ఆ శక్తి భూగోళపు ఒక ముఖమంతటి మీద పరచుకొనవలెను. నేల మీది గ్రాహకమునకు చేరు కనీస శక్తి సుమారు 1.4 × 10⁻¹⁶ వాట్లని నిర్ణయించినారు. ఒక వాటును వంద కోటి కోట్ల భాగములు చేసినచో అందు ఒకటిన్నర భాగము కూడ కాదు.

ఇక రొద. వేడి గల ప్రతి వస్తువులోను ఎలక్ట్రానులు కదలుచునే యుండును. ఆ కదలిక రేడియో రొదను పుట్టించును. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఒక్కొక్క హెర్ట్జ్ వెడల్పులో ఈ రొద 4 × 10⁻²¹ వాట్లు. మొదటి దానిని రెండవ దానితో భాగించినచో 35,000 వచ్చును. లాగరిథమ్ పట్టికలో 35,000కు విలువ 4.54, దానిని పదిచే హెచ్చించిన 45. అదియే గ్రాహకము చూపు 45.

లాగరిథమ్ కొలమానమున ఒక చిక్కు, ఒక సౌకర్యము రెండును కలవు. 3 తగ్గిన సంకేతము సగమైనదని అర్థము. 10 తగ్గిన పదవ వంతు. 20 తగ్గిన నూరవ వంతు. 45 నుండి 25కు దిగినచో అంకె సగముకన్న ఎక్కువే మిగిలియున్నట్లు తోచును. కాని సంకేతము నూరింట తొంబది తొమ్మిది పాళ్లు పోయినది. విద్యార్థులు ఈ మోసమున పడరాదు.

రొదలో మునిగిన పలుకు

పై లెక్క ఒక్క హెర్ట్జ్ వెడల్పునకు. జి.పి.ఎస్. సంకేతము మాత్రము సుమారు 20 లక్షల హెర్ట్జ్ వెడల్పున పరచుకొని యుండును. ఆ వెడల్పులోని రొదనంతటిని కూడినచో 8 × 10⁻¹⁵ వాట్లగును. అనగా రొద సంకేతముకన్న ఏబది రెట్లకు పైగ పెద్దది. మరి గ్రాహకము దానిని ఎట్లు వినుచున్నది?

ఏడుపాయల జాతరలో వేలమంది మాటలు కలసి ఒకటే హోరు. ఆ హోరులో దూరమున ఒకడు డప్పు వాయించుచున్నాడనుకొందము. ఒక్క దెబ్బ వినినచో తెలియదు. కాని ఆ దరువు ముందే తెలిసినవాడు మనస్సులో అదే దరువును కొట్టుకొనుచు చెవియొగ్గినచో, దెబ్బకు దెబ్బ సరిపడి డప్పు స్పష్టమగును. హోరులోని శబ్దములు ఒకసారి కలసి, ఒకసారి కలియక, ఒకదానినొకటి రద్దు చేసికొనును.

ఒక్కొక్క ఉపగ్రహమునకు ఒక్కొక్క దరువు కలదు. అది 1023 దెబ్బల వరుస. సెకనులో వేయవ వంతు కాలమున ముగిసి మరల మొదలగును. గ్రాహకము అదే వరుసను తనలో పుట్టించి, వచ్చిన దానితో సరిచూచి, ఫలితములను కూడును. వేయవ వంతు సెకను కూడినంతనే రొద వెడల్పు 20 లక్షల హెర్ట్జ్ నుండి వేయి హెర్ట్జ్‌కు తగ్గినట్లగును. అప్పుడు రొద 4 × 10⁻¹⁸ వాట్లు. సంకేతము దానికి 35 రెట్లు. మునిగిన పలుకు పైకి తేలినది. ఉపగ్రహములన్నియు ఒకే 1575.42 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యము మీద ఒకేసారి పలికినను గ్రాహకము వానిని వేరుపరచుటకు కూడ ఈ దరువులే కారణము.

పటాన్‌చెరు ఆకాశము

సంకేత బలములను ఎత్తు, దిక్కులతో కలిపి చదువవలెను. అందుకు మన ఆకాశము ఎట్లుండునో తెలియవలెను.

జి.పి.ఎస్. ఉపగ్రహముల కక్ష్యలు భూమధ్యరేఖకు సుమారు 55 డిగ్రీల వాలున నున్నవి. కావున ఏ ఉపగ్రహమును 55 డిగ్రీల అక్షాంశమును దాటి ఉత్తరమునకు పోదు. పటాన్‌చెరు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. లెక్క వేసి చూచినచో, ఇచ్చట సరిగ ఉత్తర దిక్కున దిగంతము నుండి సుమారు 42 డిగ్రీల ఎత్తు వరకు జి.పి.ఎస్. ఉపగ్రహము ఎన్నడును కనుపింపదు. ఉత్తరమునకు ఇరుప్రక్కల సుమారు ముప్పదియారు డిగ్రీల మేర పరచుకొని, కమాను వలె వంగిన ఖాళీ అది. దక్షిణమున ఇట్టి ఖాళీ లేదు. కావున ఉత్తరపు వైపు ఎత్తైన గోడ యున్నచో గ్రాహకమునకు నష్టము స్వల్పము. దక్షిణపు వైపు ఉన్నచో అధికము. ఏంటెనాను ఎచ్చట పెట్టవలెనో నిర్ణయించువారికి ఇది పనికివచ్చు సంగతి.

మన ఆకాశమున కదలని ఉపగ్రహములు కూడ కలవు. భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, విమానాశ్రయముల ప్రాధికార సంస్థ కలసి నిర్మించిన ‘గగన్’ వ్యవస్థ జి.పి.ఎస్. తప్పులను దిద్దు సమాచారమును భూస్థిర ఉపగ్రహముల ద్వారా పంపును. వానిలో జీశాట్-10 అనునది 2012లో ప్రయోగింపబడి 83 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలుపబడినది. పటాన్‌చెరు నుండి చూచినచో ఆ స్థానము దక్షిణమునకు కొంచెము తూర్పుగ, 69 డిగ్రీల ఎత్తున పడును. మిగిలిన ఉపగ్రహముల ఎత్తు, దిక్కు గంట గంటకు మారుచుండగా భూస్థిర ఉపగ్రహపు వరుస మాత్రము మారదు. ఇదిగాక మన దేశపు స్వంత స్థాన నిర్ణయ వ్యవస్థ ‘నావిక్’ కలదు. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న లేచినది. 2023 మే 29న ప్రయోగించిన ఎన్.వి.ఎస్.-01 మొదలుకొని ఈ వరుస ఉపగ్రహములు జి.పి.ఎస్. వాడు 1575.42 మెగాహెర్ట్జ్ మీద కూడ పలుకునట్లు నిర్మింపబడుచున్నవి.

నడినెత్తిన ఉన్న ఉపగ్రహము 20,200 కిలోమీటర్ల దూరమున నుండగా, దిగంతమున ఉన్నది 25,800 కిలోమీటర్ల దూరమున నుండును. ఈ దూరభేదము వలన కలుగు నష్టము 2 డెసిబెళ్లు మాత్రమే; దానిని కూడ చాలవరకు సరిపెట్టునట్లు ఉపగ్రహపు ఏంటెనాను నిర్మింతురు. అసలు భేదము గ్రాహకపు ఏంటెనా వలన వచ్చును. అది నెత్తి మీది నుండి వచ్చు సంకేతములను బాగుగ పట్టును, ప్రక్కల నుండి వచ్చువానిని అంతగ పట్టదు. పైగ క్రింది ఉపగ్రహముల సంకేతములు చెట్లను, గోడలను దాటి రావలెను. అందుచే ఆరుబయట ఎత్తున ఉన్నవానికి బలము హెచ్చు, దిగంతము దగ్గర ఉన్నవానికి తక్కువ. ఇది ఆరోగ్యవంతమైన పట్టిక లక్షణము.

రేకు, ఉక్కు, సాయంకాలము

పటాన్‌చెరులోనే రెండు విధముల చోట్లు కలవు. 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ పొలములలో నాలుగు దిక్కుల ఆకాశము విశాలముగ కనుపించును. పారిశ్రామిక వాడలోని ఇనుప రేకుల షెడ్డు క్రింద అట్లు కాదు. లోహము రేడియో తరంగములను లోనికి రానీయదు, వెనుకకు త్రిప్పి పంపును. రేకు క్రింద నడినెత్తి ఉపగ్రహము మొదట మాయమగును. తెరచిన ద్వారము వైపున్నది క్రిందుగ ఉన్నను వినిపించుచుండును. అనగా పట్టిక తలక్రిందులగును.

గోడకు, ట్యాంకరు ఉక్కు దేహమునకు తగిలి ప్రతిఫలించిన సంకేతము తిన్నగ వచ్చిన సంకేతముతో కలియును. ఈ తరంగపు పొడవు 19 సెంటీమీటర్లు. దారిభేదము అందు సగమైనచో ఒకటి రెండవదానిని తగ్గించును. పూర్తి పొడవైనచో హెచ్చించును. ఉపగ్రహము కదలిన కొలది ఈ భేదము మారును. ఆగియున్న బండిలో ఒక ఉపగ్రహపు అంకె 44, 38, 43, 36 అని మెల్లగ ఊగుచున్నచో దగ్గరలో ప్రతిఫలించు లోహమున్నదని తలపవలెను.

ఇంకొక కారణము ఆకాశములోనే కలదు. భూమికి నూరు కిలోమీటర్లకు పైన సూర్యరశ్మి వలన గాలి అణువులు విద్యుత్కణములుగ విడిపోయి యుండును. దీనిని అయనావరణము అందురు. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొన మీదుగ పోవును. దాని ప్రభావము గల ప్రాంతములలో సూర్యాస్తమయము తరువాత ఈ పొరలో బుడగల వంటి పలుచని భాగములు లేచును. నక్షత్రములు మిణుకుమిణుకుమన్నట్లు, వాని గుండా వచ్చు ఉపగ్రహ సంకేతములు మినుకును. ఒక ఉపగ్రహపు బలము కొన్ని క్షణములలోనే పది, ఒక్కొక్కప్పుడు ఇరువది డెసిబెళ్లు పడిలేచును. రాత్రి ఎనిమిది మొదలు నడిరేయి వరకు, విషువత్తుల దగ్గరి నెలలలో, సూర్యుడు చురుకుగ నున్న సంవత్సరములలో ఇది హెచ్చు. హైదరాబాదు ప్రాంతము కూడ ఈ ప్రభావమునకు లోబడినదే. ఉస్మానియా విశ్వవిద్యాలయములో దీని మీద పరిశోధన జరిగినది.

తగ్గుట ఒకటే, తీరులు వేరు

ఇప్పుడు ట్యాంకరు సంగతికి రావచ్చును. సంకేతము పోవుటకు కారణములు పెక్కు. కాని ప్రతి కారణమునకు పట్టికలో ఒక ముద్ర కలదు.

బండి మెల్లగ షెడ్డులోనికి పోయినచో ఉపగ్రహములు ఒకదాని తరువాత ఒకటి తగ్గును. తెరచిన వైపు ఉన్నవి కడవరకు నిలుచును. బయటకు వచ్చునప్పుడు మరల ఒక్కొక్కటే తిరిగివచ్చును.

అయనావరణము కారణమైనచో ఆకాశపు ఒక భాగములోని ఉపగ్రహములు మాత్రమే మినుకును; తక్కినవి స్థిరముగ నుండును. ఆ రాత్రి ఆ ప్రాంతములోని మిగిలిన వాహనముల పట్టికలలోను అదియే కనుపించును.

ఏంటెనా తీగ చెడినచో, లేక దానిలో నీరు చేరినచో, అన్నియు తగ్గును. కాని ఒక స్థలమునకు గాని ఒక గంటకు గాని ఆ తగ్గుదల పరిమితము కాదు. దినములు గడచినను అట్లే యుండును.

ఎవరైన అడ్డు సంకేతము ప్రసారము చేసినచో మరియొక ముద్ర. ఉపగ్రహ సంకేతము ఎంత దుర్బలమో పైన చూచితిమి. వాటులో వేయవ వంతు శక్తి గల చిన్న ప్రసారిణి నూరు మీటర్ల దూరమున నున్నను, దాని బలము గ్రాహకము వద్ద ఉపగ్రహపు బలముకన్న లక్ష రెట్లకు మించియుండును. అట్టిది మొదలైనంతనే ఎత్తున ఉన్నవి, క్రింద ఉన్నవి, తూర్పువి, పడమరవి అన్నియు ఒక్కసారిగ పడిపోవును. ఆపినంతనే అన్నియు ఒక్కసారిగ లేచును. పేర్లు పట్టీలో ఉండును, బలపు గడులు మాత్రము ఒక్కుమ్మడి ఖాళీ యగును. తరగతి అంతయు ఒకే క్షణమున మూగబోయినచో కారణము పిల్లలలో లేదు, వెలుపల ఉన్నదని ఉపాధ్యాయుడు గ్రహింపడా? ప్రభుత్వ అనుమతి లేకుండ ఇట్టి అడ్డు పరికరములను వాడుట మన దేశమున చట్టవిరుద్ధము.

ఇంతకన్న కుటిలమైన మోసము కూడ కలదు. నకిలీ సంకేతములను పుట్టించి, బండి ఒకచోట నుండగా మరియొకచోట ఉన్నట్లు గ్రాహకమును నమ్మించుట అది. అప్పుడు దారి పటమున ఖాళీ యుండదు; అంతయు సక్రమముగ తోచును. కాని నకిలీ సంకేతములన్నియు ఒకే పరికరము నుండి, ఒకే దిక్కు నుండి వచ్చును. కావున 80 డిగ్రీల ఎత్తున ఉన్న ఉపగ్రహమునకు, 10 డిగ్రీల ఎత్తున ఉన్నదానికి బలము దాదాపు సమానముగ నుండును. తరచు ఉండవలసినదానికన్న హెచ్చుగ కూడ నుండును. అన్ని జవాబు పత్రములలో ఒకే చేతివ్రాత కనుపించినట్లన్నమాట.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఈ ముద్రలు అనుమానమునకు ఆధారములే గాని ఒంటిగ తీర్పులు కావు. గ్రాహకము గ్రాహకమునకు అంకెలు మారును. ఒకదానిలో 45 చూపు చోట వేరొకటి 38 చూపవచ్చును. కావున ఒక బండి పట్టికను అదే బండి పూర్వపు పట్టికలతో పోల్చవలెను. అంతకన్న ముఖ్యమైన సంగతి మరియొకటి. వాహనములలోని పెట్టెలు సాధారణముగ స్థానము, వేగము, ఉపగ్రహముల సంఖ్య వంటి వివరములను మాత్రమే కార్యాలయమునకు పంపును. ఒక్కొక్క ఉపగ్రహపు బలమును తెలుపు పట్టిక పెట్టెలోనే పుట్టి పెట్టెలోనే నశించును. దానిని నిమిషమున కొకసారియైన దాచియుంచినచో తగవు తీర్చుటకు సాక్ష్యము మిగులును.

కందిలో ప్రయోగశాల

సంకేతము పోయినప్పుడు బండికి త్రోవ తెలియుట ఎట్లు అను ప్రశ్న మీద సంగారెడ్డి జిల్లాలోనే పని జరుగుచున్నది. కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ఆవరణలో స్వయంచలిత మార్గనిర్ణయ విద్యలకై ‘టిహాన్’ అను కేంద్రము ఏర్పడినది. నేల మీద, గాలిలో మనుష్యుడు లేకుండ నడచు వాహనముల పరీక్షాస్థలము అచ్చట 2022 జూలై 4న ప్రారంభింపబడినది. డ్రైవరు లేని బండికి ఉపగ్రహములనే నమ్ముట ప్రమాదకరము. వంతెన క్రిందికి పోయినంతనే దానికి కన్ను పోయినట్లగును. అందుచే కెమెరాలు, కాంతి కిరణములతో దూరమును కొలుచు పరికరములు, కుదుపులను తిరుగుళ్లను గ్రహించు పరికరములు కూడ వాడుదురు. ఏ క్షణమున దేనిని ఎంత నమ్మవలెనను నిర్ణయమే ఇట్టి వాహనములకు ప్రాణము. ఉపగ్రహములను నమ్మదగునా అను ప్రశ్నకు మొదటి సమాధానము ఈ బలపు పట్టికయే.

బడిలో చేయదగిన పరిశీలన

దీనికి గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఉపగ్రహముల ఎత్తు, దిక్కు, బలము చూపు ఉచిత అనువర్తనములు నేటి ఫోనులకు దొరకును. ఉపాధ్యాయుని ఫోను ఒకటి చాలును. ఫోనులోని ఏంటెనా చిన్నది గావున అంకెలు కొంత తక్కువగ నుండును. దానికి వెరవ నక్కరలేదు.

మొదట ఆటస్థలము నడుమ ఫోనును బల్ల మీద వెల్లకిల పెట్టి అయిదు నిమిషములు ఆగవలెను. పిదప జి.పి.ఎస్. ఉపగ్రహములను మాత్రము ఏరి వాని సంఖ్య, ఎత్తు, దిక్కు, బలము వ్రాసికొనవలెను. కాగితము మీద వృత్తము గీసి, కేంద్రమును నడినెత్తిగను, పరిధిని దిగంతముగను భావించి, ఉపగ్రహములను గుర్తింపవలెను. గంట గంటకు ఇట్లు చేసి పటములను ఒకదాని మీద ఒకటి పేర్చినచో ఉత్తరపు ఖాళీ తనంత తానే బయటపడును.

రెండవది, ఫోనును బడి భవనపు ఉత్తరపు గోడ ప్రక్కను, దక్షిణపు గోడ ప్రక్కను పెట్టి చూడవలెను. ఉత్తరపు గోడ ప్రక్క నిలిచినవానికి భవనము దక్షిణాకాశమును కప్పును. దక్షిణపు గోడ ప్రక్క నిలిచినవానికి ఉత్తరాకాశమును కప్పును. ఎచ్చట ఎక్కువ ఉపగ్రహములు పోయినవో ముందుగ ఊహించి, తరువాత లెక్కింపవలెను. మూడవది, సైకిళ్ల షెడ్డు రేకు క్రిందికి ఫోనును మెల్లగ తీసికొనిపోయి ఏ ఉపగ్రహము ముందు తగ్గినదో గమనింపవలెను. నాల్గవది, ఫోను మీద వంట రేకును కప్పి, తీసి, అన్నియు ఒక్కసారిగ పడిలేచుట చూడవలెను. అడ్డు సంకేతము లేకయే దాని ముద్రను పోలినదానిని ఇట్లు చూపవచ్చును. రెండింటిని వేరుపరచుట ఎట్లని విద్యార్థులను అడిగినచో చర్చ చక్కగ సాగును.

ఈ నాలుగును చేసిన విద్యార్థికి ట్యాంకరు తగవు అర్థము కాకపోదు. దారి పటములోని ఖాళీ నేరమునకు సాక్ష్యము కాదు, నిర్దోషిత్వమునకును సాక్ష్యము కాదు. ఖాళీకి ముందు చివరి నిమిషమున ఉపగ్రహములు ఒక్కొక్కటిగ సెలవు తీసికొన్నవా, లేక ఒక్కసారిగ మాయమైనవా? అడుగవలసిన ప్రశ్న అది. సమాధానము గ్రాహకము చెప్పియే యున్నది. దానిని వ్రాసి దాచువారు, చదువగలవారు కావలెను. నక్కవాగు ఒడ్డున పెరుగు పిల్లలలో అట్టివారు తయారగుటకు మొదటి పాఠము బడి ఆటస్థలముననే మొదలుకాగలదు.